తప్పిపోయినవాళ్ల కౌంటర్‌లో చంద్రిక

జనవరి ఒకటో తారీఖున నాంపల్లి మైదానంలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ మొదలైతే, ఆ నలభై అయిదు రోజులూ సాయంత్రం నాలుగు దాటాక స్తంభాలకు కట్టిన స్పీకర్లలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఎవరో పిల్ల తప్పిపోయిందనో, ఎవరో ముసలాయన దారి తెలియక కూర్చున్నాడనో చెబుతుంది. కశ్మీరు శాలువాల దగ్గర బేరమాడేవాళ్లు, జెయింట్ వీల్ ఎక్కి కళ్లు గట్టిగా మూసుకున్నవాళ్లు, మిర్చీ బజ్జీతో నాలుక కాల్చుకున్నవాళ్లు, అందరికీ ఆ గొంతు తెలుసు. మనిషి ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. రెండో గేటు పక్కన రేకుల గదిలో, ఒక చిన్న కిటికీ వెనక కూర్చుని మాట్లాడుతుంది ఆమె. పేరు చంద్రిక. వయసు నలభై మూడు.

ఆమె పుట్టింది మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లెలో. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తండ్రి దుర్గయ్య, ఊళ్లో కూలి దొరక్క, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గర హమాలీగా కుదిరాడు. చంద్రిక సర్కారు బడిలో పదో తరగతి దాకా చదివింది. పెళ్లయ్యాక సీతారాంబాగ్‌లో కిరాయి ఇంట్లో కాపురం. భర్త నరేశ్ ట్రాలీ ఆటో నడుపుతాడు. సభలకూ పెళ్లిళ్లకూ మైకుసెట్లు తీసుకుపోయి దించి రావడం అతని పని. ఆ మైకుసెట్లు స్టేషన్ రోడ్డులో మల్లేశ్వరరావు అనే పెద్దాయన దుకాణంవి. వైర్లు చుట్టి, స్పీకర్లు తుడిచి, ఏ పెట్టె ఎక్కడికి పోయిందో చూసుకునే మనిషి కావాలని ఆయన అడిగితే నరేశ్ భార్యను తీసుకొచ్చి చూపించాడు. అలా చంద్రిక ఆ దుకాణంలో చేరింది.

మల్లేశ్వరరావు తండ్రి గుడివాడ ప్రాంతంనుంచి యాభై ఆరులో గుమాస్తాగా హైదరాబాదు వచ్చినవాడు. మల్లేశ్వరరావు ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా మైకు కట్టని గోడ లేదన్నంత తిరిగాడు. నుమాయిష్‌లో తప్పిపోయినవాళ్ల కౌంటర్‌కు మైకుసెట్టు పెట్టేది ఆయనే.

చంద్రిక చేరిన రెండో ఏడు. జనవరిలో ఒక ఆదివారం ఆమె ఆ కౌంటర్‌లో తెగిన వైరు మార్చడానికి వెళ్లింది. అక్కడ రోజూ మాట్లాడే పెద్దమనిషికి జలుబు చేసి ఆ పూట గొంతు పూర్తిగా పోయింది. అదే సమయానికి ఒక తల్లి ఏడ్చుకుంటూ వచ్చింది. ఆరేళ్ల కూతురు చెయ్యి విడిచి ఎటో పోయిందట.

మల్లేశ్వరరావు చుట్టూ చూసి, "చంద్రికా, నువ్వే చెప్పమ్మా," అన్నాడు.

"నేనా సార్?"

"చదువుకున్నావుగా. చెప్పు."

చంద్రిక మైకు ముందు కూర్చుంది. మైకులో మాట్లాడేవాళ్లు ఎలా మాట్లాడతారో చిన్నప్పటినుంచీ విన్నదే. ఆ గొంతు తెచ్చి పెట్టుకుంది. "ఆరు సంవత్సరముల బాలిక తప్పిపోయినది. ఎరుపు రంగు దుస్తులు ధరించియున్నది. ఆచూకీ తెలిసినవారు..." అంటూ రెండుసార్లు చెప్పింది. పది నిమిషాలు గడిచినా ఎవరూ రాలేదు. ఆ తల్లి కిటికీ ఊచలు పట్టుకుని, "అట్ల గాదు చెల్లె! ఎర్ర గౌను అని చెప్పు. చేతిల పచ్చ గాలిబుగ్గ ఉన్నదని చెప్పు. ముందటి పన్ను ఊడింది నా బిడ్డకు," అంది.

చంద్రిక మళ్లీ మైకు అందుకుంది. ఈసారి ఆ తల్లి చెప్పినట్టే చెప్పింది. "జర అందరు వినుండ్రి. ఎర్ర గౌను ఏసుకున్న ఆరేండ్ల పిల్ల. చేతిల పచ్చ బుగ్గ. ముందటి పన్ను లేదు. మీ పక్కన ఉన్నదా, ఒక్కసారి చూడుండ్రి." తర్వాత అదే మాట ఉర్దూలో చెప్పింది. నాలుగు నిమిషాలకు గాజులమ్మే ఆవిడ ఆ పిల్లను చంకనెత్తుకుని తెచ్చింది. బెలూన్ పగిలిపోయింది కానీ దారం ఇంకా చేతిలోనే ఉంది.

ఆ మరునాటినుంచి మాట్లాడే పని చంద్రికదైంది. మల్లేశ్వరరావు పక్కన కూర్చుని నేర్పాడు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలన్నాడు. ఊపిరి ముందే తీసుకోమన్నాడు. "అసలు మాట మొదట్లో చెప్పెయ్. నమస్కారాలూ అవీ తర్వాత. మధ్యలో ఆగు. ఆగితే మరిచిపోయావనుకుంటారని భయపడకు. నువ్వు ఆగినప్పుడే జనం తలెత్తి వింటారు," అనేవాడు. వేలమంది వింటున్నారనే సరికి ఆమెకు నోరెండిపోయేది. "వేలమందితో ఎవడు మాట్లాడగలడమ్మా? బజ్జీల బండి దగ్గర నిలబడ్డ ఒక్క మనిషిని అనుకో. ఆ మనిషికి చెప్పు. మిగతావాళ్లు పక్కనుంచి వింటారు," అన్నాడు ఒకసారి. ఆ రోజునుంచి ఆమె గొంతు నిలబడింది.

ఆమె సొంతంగా పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఎవరొచ్చి ఏం చెప్పినా ముందు చీటీ రాస్తుంది. తప్పిపోయింది ఎవరు, వయసెంత, ఏం బట్టలు, ఎక్కడ తప్పిపోయారు, ఎన్ని గంటలకు, ఈ సంగతి చెబుతున్నది ఎవరు. ఇవన్నీ నిండితేనే మైకు నొక్కుతుంది. దొరికాక అదే చీటీ కింద దొరికిన టైము రాసి, ఆ మాట కూడా మైకులో చెబుతుంది. దొరికాక మళ్లీ చెప్పడం దేనికని ఒకరిద్దరు వాలంటీర్లు విసుక్కున్నారు. "పిల్ల పోయిందని విన్నోళ్లు ఇంటికి పోయినంక గూడ అదే మనసుల పెట్టుకుంటరు. దొరికిందని గూడ వాళ్లకు తెల్వాలె గదా," అంది. ఏడాది చీటీలన్నీ దారానికి గుచ్చి రేకు పెట్టెలో ఉంచుతుంది.

మైకు దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి ఫోను చేతికొస్తే మాత్రం అందరిలాగే ఉండేది. నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం ఆమె ఫోనుకు ఒక పాప ఫోటో వచ్చింది. స్కూలు బట్టల్లో, రెండు జడలతో ఉంది. 'ఈ పాప తప్పిపోయింది, కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి, అందరికీ పంపండి' అని కింద రాసుంది. తప్పిపోయిన పిల్ల అంటే చంద్రిక ఆగగలదా? తనకున్న పదకొండు గ్రూపులకూ పంపింది. పంపి, మనసాగక ఆ నంబరుకు ఫోను చేసింది.

అవతల ఒక మగమనిషి ఎత్తాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అమ్మా, మా బిడ్డ దొరికి మూడేండ్లయింది. ఆ రోజు సాయంత్రమే దొరికింది. ఇప్పుడు ఇంటర్ చదువుతుంది. ఇయ్యాల మీది ఆరో ఫోను."

"అయ్యో, నాకు తెల్వదు అన్నా..."

"ఎవ్వరికి తెల్వదమ్మా. కాలేజీల పిల్లలు గా ఫోటో చూపెట్టి ఎక్కిరిస్తున్నరంట. నంబరు మారుద్దామంటే పనులన్ని గీ నంబరు మీదనే ఉన్నయి. మీరన్న ఫోన్ చేసి అడిగిన్రు. శానామంది గది గూడ చెయ్యరు."

చంద్రిక ఫోను పెట్టేసి ఆ ఫోటోను మళ్లీ తెరిచి చూసింది. ఆ ఫోటో మీద తారీఖు లేదు. ఏ ఊరో లేదు. ఎవరు రాశారో లేదు. తన కౌంటర్‌కు ఎవరైనా ఇలాంటి చీటీ తెస్తే చదివేదా? వెనక్కిచ్చి పూర్తిగా రాసుకు రమ్మనేది. మరి చేతిలో ఉన్న ఫోనుకు ఆ నియమం ఎందుకు పెట్టుకోలేదు? లేచి పదకొండు గ్రూపుల్లోనూ ఒక్కొక్కదానిలో, 'నేను పంపింది పాతది, పాప మూడేండ్ల కిందనే దొరికింది, నేను చూసుకోకుండ పంపిన, తప్పు నాది' అని తన గొంతుతోనే చెప్పి పంపింది. సిగ్గుగానే అనిపించింది. అయినా చివరిదాకా పంపింది.

ఆ తర్వాత ఏ వార్త వచ్చినా, ఏ వీడియో వచ్చినా చీటీ ప్రశ్నలే అడగడం అలవాటు చేసుకుంది. ఎవరు చెబుతున్నారు, ఎప్పటిది, ఎక్కడిది, వాళ్లు కళ్లారా చూశారా, ఎవరినన్నా అడిగారా. ఫోటో నిజమే అయినా తారీఖు తప్పైతే మొత్తం అబద్ధమే అవుతుందని ఆమెకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి ఆబిడ్స్ చౌరస్తాలో పెద్ద భవనం కూలిందని వీడియో తిరిగింది. దుకాణంలో పక్కవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. చంద్రిక ఆ వీడియోలో బస్సు రంగు చూసింది, బండ్ల నంబరు ప్లేట్లు చూసింది, ఏవీ ఇక్కడివి కావనిపించింది. చెప్పులేసుకుని బయటికి నడిచి, పావుగంటలో తిరిగొచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మల్లేశ్వరరావు.

"ఏం గాలే సార్. ఆబిడ్స్ జీపీవో కాడి దాక పోయి చూసొచ్చిన. ట్రాఫిక్ జామైంది, గంతే. రోజు అయ్యేదే."

సీతారాంబాగ్‌లో ఇరుగుపొరుగు ఆమెను చూసి నవ్వేవాళ్లు. అందరూ పంపుతుంటే నీకొక్కదానికే అనుమానమా అనేవాళ్లు. "అందరు పంపిన్రు సరే, చూసినోళ్లు ఎవరు?" అని అడిగేది చంద్రిక. వాళ్లు మాట మార్చేవాళ్లు.

కిందటి ఫిబ్రవరిలో, నుమాయిష్ ముగియడానికి ఇంకా వారం ఉందనగా వచ్చిన ఆదివారం. మైదానం నిండా జనం. సాయంత్రం ఏడుకు ఇంకా అయిదు నిమిషాలుందనగా వాలంటీర్లను చూసుకునే రాఘవేంద్ర ఫోను పట్టుకుని రేకుల గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, తొందరగా కంగారు పడేవాడు కాదు. ఆ రోజు ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"చంద్రికగారూ, ఇది చూడండి."

అది నిమిషం నిడివి ఉన్న వీడియో. చీకట్లో జనం కదులుతున్నారు. పైన ఎర్రటి అక్షరాలతో, 'నుమాయిష్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా, ఒక్కరోజులో ముగ్గురు మాయం' అని ఉంది. వెనక మైకులో ఒక ఆడమనిషి గొంతు. "నాలుగేండ్ల పిల్ల కనిపిస్తలేదు..." ఆ వెంటనే, "పదేండ్ల పిల్ల, నల్ల బ్యాగు..." మళ్లీ, "రెండేండ్ల పాప, గులాబి స్వెటర్..."

ఆ గొంతు ఆమెదే.

తను పిల్లల్ని ఇంటికి చేర్చడానికి వాడిన మాటలను ఎవరో ముక్కలు కోసి, జనాన్ని బెదరగొట్టడానికి అతికించారు. బయట అప్పటికే కేకలు మొదలయ్యాయి. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని గేట్లవైపు పరిగెడుతున్నారు. రెండో గేటు దగ్గర తోపులాట కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

"ఇంకోసారి పెట్టుండ్రి సార్," అంది.

రెండోసారి వింటున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. మొదటి ముక్కలో తన గొంతు బొంగురుగా ఉంది. అది పోయిన ఏడాది, జలుబు చేసిన వారంలోది. పదేళ్ల పిల్ల, నల్ల బ్యాగు, అది ఈ జనవరిలోదే. బ్యాగులో గురుకులం పరీక్ష హాల్ టికెట్ ఉందని, దాన్ని గట్టిగా పట్టుకుని ఆ పిల్ల ఏడవడం గుర్తుంది. గులాబి స్వెటర్ మొన్న బుధవారానిది. రేకు పెట్టె తెరిచి దారాలు లాగింది. చీటీలు చకచకా తిప్పింది. మూడూ దొరికాయి. మూడింటి కిందా దొరికిన టైము తన చేతిరాతతోనే ఉంది.

"సార్, నేను మాట్లాడుత."

రాఘవేంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. ఇన్‌స్పెక్టర్‌గారు గేట్లన్నీ బార్లా తెరిపిస్తున్నారు. మనం మైకులో చెబితే వీడియో చూడనివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఇంకా భయపడతారు."

"సార్, అండ్ల ఉన్నది నా గొంతు. నేను నోరు మూసుకుంటే ఇగ గా వీడియోనే మాట్లాడుతది. ఇంతసేపు మైకుల చప్పుడు లేకపోయేసరికి ఏమో అయ్యిందనే అనుకుంటున్నరు. చూడుండ్రి, అందరు స్పీకర్ల దిక్కే చూస్తున్నరు."

రాఘవేంద్ర బయటికి చూశాడు. ఆమె చెప్పింది నిజమే. ఆయన చెయ్యి తీశాడు.

మూలన స్టూలు మీద మల్లేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. డెబ్బై దగ్గర పడ్డా నుమాయిష్ రోజుల్లో ఇంట్లో ఉండడు. లేచి యాంప్లిఫయర్ మీద చెయ్యి వేశాడు. "అరవకమ్మా. నువ్వు గొంతు తగ్గించు, నేను సౌండ్ పెంచుతా. భయపడొద్దు అని మాత్రం అనకు. ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు.

చంద్రిక మైకు నొక్కింది. ఊపిరి తీసుకుంది.

"నేను చంద్రికను. తప్పిపోయినోళ్ల కౌంటర్ నుంచి మాట్లాడుతున్న. ఇప్పుడు టైము ఏడు గంటల నాలుగు నిమిషాలు." ఆగింది. "ఇయ్యాల ఈ కౌంటర్‌కు ఏడుగురు పిల్లల కోసం ఒచ్చిన్రు. ఏడుగురు దొరికిన్రు. ఏడుగురు అమ్మానాయినలతోని పోయిన్రు. ఒక్కరు గూడ మిగల్లే."

మళ్లీ ఆగింది. బయట రొద కొంచెం సన్నగిల్లింది.

"ఇప్పుడు ఒక పని చెయ్యుండ్రి. ఎక్కడున్నోళ్లు అక్కడ్నే నిలబడుండ్రి. మీ పిల్లల చెయ్యి పట్టుకోండ్రి. గేటు కాడ ఉన్నోళ్లు రెండడుగులు ఎనకకు జరుగుండ్రి, ముందట ముసలోళ్లున్నరు."

అదే ఉర్దూలో చెప్పింది. తర్వాత హిందీలో. కిటికీలోంచి చూస్తుంటే గేటు దగ్గరి గుంపు నిజంగానే ఒకటి రెండడుగులు వెనక్కి కదిలింది. అప్పుడు వీడియో సంగతి ఎత్తుకుంది.

"మీ ఫోన్లకు ఒక వీడియో ఒచ్చి ఉంటది. అండ్ల గొంతు నాదే. కానీ అది మూడు దినాల మాటలు కోసి అతికించింది. నాలుగేండ్ల పిల్ల మాట పోయినేడుది. పద్దెనిమిది నిమిషాల్ల దొరికింది. నల్ల బ్యాగు పిల్ల జనవరి పందొమ్మిదిన, తొమ్మిది నిమిషాల్ల. గులాబి స్వెటర్ పాప మొన్న బుధవారం, పన్నెండు నిమిషాల్ల. చీటీలు నా చేతిల ఉన్నయి. రెండో గేటు పక్కన రేకుల గది. అనుమానం ఉన్నోళ్లు నిమ్మలంగ ఒచ్చి చూసుకోవచ్చు."

ఆ మాట పూర్తవుతుండగానే గది బయట గలాటా వినిపించింది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక పెద్దాయనను మధ్యలో పెట్టుకుని తెస్తున్నారు. ఆయన చొక్కా భుజం దగ్గర చిరిగింది. చేతుల్లో మూడేళ్ల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వెనక పాతికమంది. "గీడే! పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకొని ఉరుకుతున్నడు!" అని ఒకతను ఫోను పైకెత్తి అరుస్తున్నాడు.

ఆ పెద్దాయన పేరు తాతారావు. పిల్ల ఆయన మనవరాలే. కానీ ఆ భయంలో ఆయనకు మాట పెగలడం లేదు. "మా... మా అమ్మాయి కూతురమ్మా," అన్నాడు చివరికి.

ఈయన మంచివాడు, వదిలెయ్యండి అని చంద్రిక అనలేదు. మంచివాడో కాదో ఆమెకు మాత్రం ఏం తెలుసు? చీటీ తీసింది. ఎన్నేళ్లుగా రాస్తోందో అలాగే రాయడం మొదలుపెట్టింది.

"పెద్దాయనా, నీ పేరేంది? పిల్ల పేరేంది?"

"తాతారావు. పిల్ల మనస్విని."

"అమ్మ పేరు?"

"భవ్యశ్రీ. గిన్నెల దుకాణం దగ్గర ఉంది. జనం తోసేశారమ్మా, విడిపోయాం."

"ఏ రంగు చీర?"

"డ్రెస్సు. పసుపుపచ్చ డ్రెస్సు."

చంద్రిక మైకు నొక్కింది. గది బయట ఉన్న పాతికమందీ నోరు మూసుకున్నారు, మైకులో ఏం వస్తుందో వినాలి కదా. "పసుపుపచ్చ డ్రెస్సుల ఉన్న భవ్యశ్రీ. మీ బిడ్డ మనస్విని, మీ నాయిన తాతారావు ఇద్దరు నా దగ్గర ఉన్నరు. మంచిగున్నరు. ఉరకకుండ, నడుచుకుంట రెండో గేటు కాడికి రాండ్రి. గిన్నెల దుకాణపోళ్లు జర ఆమెకు దారి చూపుండ్రి."

అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ ఎవరూ కదల్లేదు. గుంపు పక్కకు చీలింది. పసుపుపచ్చ డ్రెస్సులో ఒక అమ్మాయి చెప్పు తెగిన కాలితో కుంటుకుంటూ వచ్చి, "నాన్నా!" అని తాతారావును పట్టుకుంది. పిల్ల ఏడుపు ఆపి తల్లి మెడకు చుట్టుకుంది. తాతారావు అప్పుడు ఏడ్చాడు.

ఫోను పట్టుకున్న అతను మెల్లగా వెనక్కి జారుకుంటున్నాడు.

"అన్నా, జర ఆగు," అంది చంద్రిక కిటికీలోంచి. "నీకు గా వీడియో ఎవరు పంపిన్రు?"

"గ్రూపుల ఒచ్చింది."

"గ్రూపుల ఎవరు పెట్టిన్రు?"

"తెల్వదక్కా."

"ఏ దినందో చూసినవా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు నీకు అన్ని తెలిసినయి. ఈ పాప తాతను గూడ చూసినవు. గదే గ్రూపుల నీ గొంతుతోని చెప్పు. ఈడ నిలబడే చెప్పు, ఫికర్ లేదు."

అతను తాతారావు ముఖంలోకి చూడలేకపోయాడు. అయినా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, వీడియో అబద్ధమని, తాను ఒక పెద్దమనిషిని ఊరికే పట్టుకున్నానని, ఎవరూ ముందుకు పంపొద్దని చెప్పాడు. తర్వాత తాతారావు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించాడు. తాతారావు క్షమించాడో లేదో ఎవరికీ తెలియదు. కూతురు భుజం పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

ఎనిమిది కాకముందే మైదానం సర్దుకుంది. జెయింట్ వీల్ మళ్లీ తిరిగింది. తోపులాటలో ఒకావిడ మడమ బెణికింది, దవాఖానకు పంపారు. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి మూడు చీటీలకూ ఫోటో తీసుకున్నాడు. ఆ వీడియో పెట్టిన పేజీ తెల్లారేసరికి మాయమైంది. ఎవరు చేశారో తేలలేదు. జనం ఎక్కువ చూస్తే చాలనుకునే ఎవడో అయి ఉంటాడని రాఘవేంద్ర అన్నాడు. వీడియో మరో పదిరోజులు తిరుగుతూనే ఉంది. చంద్రిక ఆ పదిరోజులూ విసుక్కోకుండా తారీఖులతో సహా జవాబు పంపుతూనే ఉంది. కొందరు విన్నారు, కొందరు వినలేదు.

మార్చిలో కోఠిలోని ఒక మహిళా కళాశాలలో పాఠాలు చెప్పే సౌభాగ్య ఆమెను వెతుక్కుంటూ స్టేషన్ రోడ్డు దుకాణానికి వచ్చింది. వార్తలు రాయడం, చదవడం నేర్చుకునే అమ్మాయిలకు వచ్చి నాలుగు మాటలు చెప్పమని అడిగింది. చంద్రిక సరేనంది. ఇంటికెళ్లాక గుబులు మొదలైంది. ఇన్నేళ్లు మాట్లాడింది కిటికీ వెనకనుంచి. ఇప్పుడు ముఖాలు కనిపిస్తాయి. తన ముఖమూ వాళ్లకు కనిపిస్తుంది.

పక్కింటి పంతులమ్మ చేత నాలుగు పేజీలు రాయించుకుని వెళ్లింది. వేదిక ఎక్కి చదవడం మొదలుపెట్టింది. 'నేటి ఆధునిక సమాజంలో ప్రసార మాధ్యమాల పాత్ర ఎంతో...' రెండో పేజీకి వచ్చేసరికి వెనక వరుసలో ఒక అమ్మాయి ఆవలించింది. చంద్రిక చదవడం ఆపింది. కాగితాలు మడిచి బల్ల మీద పెట్టి, బల్ల దాటి ముందుకొచ్చి నిలబడింది. మూడో వరుసలో కళ్లద్దాల అమ్మాయి ఒకతె శ్రద్ధగా చూస్తోంది. ఆ అమ్మాయినే చూస్తూ అడిగింది.

"నన్ను ఇంతకుముందు ఎవరన్న చూసిన్రా?"

ఒక్క చెయ్యి లేవలేదు.

"జర అందరు వినుండ్రి అంటే, ఈ గొంతు ఎవరన్న విన్నరా?"

హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. చేతులన్నీ లేచాయి. ఒకమ్మాయి లేచి, "మేడం, చిన్నప్పుడు నన్ను మీరే దొరికించిన్రు!" అంది. ఇక ఆ తర్వాత చంద్రిక గంటన్నర మాట్లాడింది. కాగితం వైపు చూడనే లేదు. అందరి చేతా ఫోన్లు తెరిపించి, చివరిసారి ఎవరికైనా పంపిన వార్తకు చీటీ రాయమంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, చెప్పింది ఎవరు. పది నిమిషాలకు చీటీలు వచ్చాయి. సగానికి పైగా ఖాళీలే. అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

కళ్లద్దాల అమ్మాయి లేచి అడిగింది. "మేడం, వాళ్లు మీ మాటలు కోసి అతికించిన్రు. ఇప్పుడు మిషన్‌తోని మీ గొంతు మొత్తం తయారు చేస్తరు. మీరు అననే అనని మాట మీ గొంతుతోని ఒస్తది. అప్పుడు చీటీ ఎక్కడిది?"

సౌభాగ్య కొంచెం కంగారుగా చూసింది. చంద్రిక కంగారు పడలేదు. ఆలోచించి చెప్పింది.

"ఔ బిడ్డా, చేస్తరు. నా గొంతును నేను ఆపలేను. కానీ నేను మాట్లాడే జాగ ఒకటున్నది. రెండో గేటు పక్కన రేకుల గది. ఒచ్చి అడగొచ్చు. మాట్లాడినోళ్లను పోయి అడిగే తొవ్వ ఉన్నదా లేదా, అది చూడుండ్రి. గా తొవ్వ లేదా, పంపకుండ్రి. మీరు పంపకపోతే ఎవ్వరి కొంప మునగది."

ఆ డిసెంబరులో ముగ్గురు అమ్మాయిలు స్టేషన్ రోడ్డు దుకాణానికి వచ్చి, కౌంటర్‌లో పని నేర్పమన్నారు. వాళ్లలో కళ్లద్దాల అమ్మాయి కూడా ఉంది. జనవరిలో నుమాయిష్ మొదలయ్యాక, మొదటి వారం చంద్రిక వాళ్లను మైకు ముట్టనివ్వలేదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏడుపు తగ్గాక అడిగి చీటీలు రాయమంది. రెండో వారం కళ్లద్దాల అమ్మాయి మొదటిసారి మైకు ముందు కూర్చుంది. నోరెండిపోయి, మొదటి వాక్యంలోనే తడబడింది. సిగ్గుతో మైకు కట్టేయబోయింది. చంద్రిక ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నీళ్లగ్లాసు అందించి, "ఏం గాలే. మళ్ల మొదటి నుంచి చెప్పు," అంది.

ఆ అమ్మాయి నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది.